న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి గైడెడ్ టూర్: ఒక హైదరాబాద్ దౌత్యవేత్తను గుర్తుపెట్టుకుని వెళ్లండి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులు న్యూయార్క్‌లో చూసేవి దాదాపు ఒకటే వరుస. స్వేచ్ఛా ప్రతిమ, టైమ్స్ స్క్వేర్, ఎంపైర్ స్టేట్ భవనం, ఓపిక మిగిలితే సెంట్రల్ పార్కు. ఈ వరుసలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయాన్ని కూడా చేర్చుకోమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. టికెట్టుకు పెట్టిన డబ్బుకు తగిన విలువ నాకు దక్కింది. అయితే అక్కడికి ఊరికే వెళ్లకండి. మన దౌత్యవేత్తల్లో ఎవరో ఒకరి ఉద్యోగ జీవితం గురించి నాలుగు విషయాలు చదువుకుని వెళ్లండి. అది తెలియకుండా వెళితే పెద్ద హాళ్లు, ఖాళీ కుర్చీలు, గోడల మీద చిత్రాలు కనిపిస్తాయి. తెలిసి వెళితే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో, ఏం సాధించారో కనిపిస్తుంది.

నేను హనుమకొండలో డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. అంతర్జాతీయ సంబంధాల పేపరు తెలుగు మాధ్యమం పిల్లలకు చెప్పేదాన్ని. భద్రతామండలి గుర్రపునాడా ఆకారపు బల్లను నల్లబల్ల మీద గీసి, ఐదుగురు శాశ్వత సభ్యులు, పదిమంది తాత్కాలిక సభ్యులు అని రాయించేదాన్ని. మా అమ్మాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు అమ్మాయితో, మనవడితో కలిసి ఈ టూర్‌కు వెళ్లాను.

మనసులో పెట్టుకుని వెళ్లిన దౌత్యవేత్త సయ్యద్ అక్బరుద్దీన్. హైదరాబాద్ మనిషి. తండ్రి బషీరుద్దీన్ గారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం ఆచార్యులు, తర్వాత ఖతార్‌లో భారత రాయబారిగా పనిచేశారు. కొడుకు 1985 బ్యాచ్‌లో భారత విదేశాంగ సర్వీసులో చేరి, 2016 జనవరి నుంచి 2020 ఏప్రిల్ దాకా ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు. 1985కు, 2016కు మధ్య దూరం చూడండి. ఆ కుర్చీ దాకా రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆ ముప్ఫై ఏళ్లలో ఇస్లామాబాద్ ఉంది, జెడ్డాలో కాన్సుల్ జనరల్ ఉద్యోగం ఉంది, వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఉంది, ఢిల్లీలో విదేశాంగ శాఖ అధికార ప్రతినిధి బాధ్యత ఉంది. యువ అధికారిగా ఐరాసలో మన దేశ కార్యాలయమైన ఇదే న్యూయార్క్ మిషన్‌లో పనిచేసిన అనుభవమూ ఉంది. జెడ్డా కాన్సులేట్ అంటే హజ్ యాత్రికుల బాగోగులు, వలస కార్మికుల పాస్‌పోర్టులు, జీతాల గొడవలు, చనిపోయినవారి భౌతికకాయాలను ఊరికి పంపే కాగితాలు. గల్ఫ్‌కు మనుషులను పంపిన కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల కుటుంబాలకు కాన్సులేట్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. టీవీలో సూటు వేసుకుని మాట్లాడే రాయబారి వెనుక ఇలాంటి పని ఏళ్ల తరబడి ఉంటుందని మన పిల్లలకు తెలియాలి.

ఇక టూర్ సంగతి. టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది. ఐదేళ్లలోపు పిల్లలను లోపలికి రానివ్వరు కాబట్టి చంటిపిల్లలున్నవాళ్లు వంతులవారీగా వెళ్లాల్సిందే. సెప్టెంబర్ చివర్లో దేశాధినేతలు వచ్చే వారాల్లో టూర్లు ఉండవు, అమెరికా ప్రయాణం ఆ సమయంలో పెట్టుకున్నవారు తేదీలు చూసుకోండి. గుర్తింపు కార్డు తప్పనిసరి. మనలాంటి సందర్శకులు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. పెద్ద సంచులు తీసుకెళ్లకండి. ఫస్ట్ అవెన్యూలో, ఐరాసకు ఎదురుగా ఉన్న కార్యాలయంలో కాగితాలు చూపించి, రోడ్డు దాటి భద్రతా తనిఖీకి వెళ్లాలి. విమానాశ్రయంలో ఉండేలాంటి తనిఖీయే. టూర్ మొదలయ్యే వేళకు ఒక గంట ముందే చేరుకుంటే హడావిడి ఉండదు. న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లు పెన్ స్టేషన్ దాకా రైలు, గ్రాండ్ సెంట్రల్ దాకా సబ్‌వే, అక్కడి నుంచి నలభై రెండో వీధి వెంట తూర్పుకు నడక. మోకాళ్ల నొప్పులున్నవారు గ్రాండ్ సెంట్రల్ నుంచి టాక్సీ తీసుకోండి. లోపల కూడా చాలానే నడవాలి, ఉన్న ఓపికంతా రోడ్డు మీదే ఖర్చుపెట్టకూడదు.

లోపలికి వెళ్లగానే ఆవరణలో గొట్టం ముడివేసిన తుపాకీ శిల్పం కనిపిస్తుంది. స్వీడన్ శిల్పి రాయ్‌టర్స్‌వార్డ్ చేసినది, లక్సెంబర్గ్ 1988లో బహూకరించింది. అందరూ అక్కడ ఫోటోలు దిగుతారు, మేమూ దిగాం. ఉత్తరపు పచ్చిక వైపు మన దేశం ఇచ్చిన గాంధీజీ విగ్రహం ఉంది. రామ్ సుతార్ చేసిన ఆ విగ్రహాన్ని 2022 డిసెంబర్‌లో, భారత్ భద్రతామండలికి అధ్యక్షత వహిస్తున్న నెలలో ఆవిష్కరించారు.

మా గైడు ఘానా యువకుడు. ఇంగ్లిష్ నిదానంగా, స్పష్టంగా మాట్లాడాడు. అమెరికా ఉచ్చారణ అర్థం కాదని భయపడే పెద్దవాళ్లు ఆ భయం పెట్టుకోవద్దు. ప్రధాన కార్యదర్శుల చిత్రాల వరుసలో తన దేశానికి చెందిన కోఫీ అన్నన్ దగ్గర అతను కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. నాకు అది చాలా నచ్చింది. ప్రశ్నలు అడగనిస్తారు, ఓపికగా జవాబు చెబుతారు. టూర్ మొత్తం గంట లోపే. నాలాంటివాళ్లకు అది చాలదు, పదేళ్ల పిల్లవాడికి సరిగ్గా సరిపోతుంది.

భద్రతామండలి గది గురించి ఎక్కువ రాయాలి. సమావేశం నడుస్తుంటే ఆ గది చూపించరు, మేం వెళ్లినప్పుడు ఖాళీగా ఉంది. ఆ గదిని అలంకరించి ఇచ్చింది నార్వే. గోడ నిండా పెర్ క్రోగ్ వేసిన పెద్ద చిత్రం, బూడిదలోంచి లేస్తున్న ఫీనిక్స్ పక్షి. సందర్శకుల కుర్చీల్లో కూర్చోబెట్టి గైడు వీటో గురించి, అంటే ఒక్క శాశ్వత సభ్యదేశం కాదన్నా తీర్మానం ఆగిపోయే హక్కు గురించి, చెబుతున్నప్పుడు నా కళ్లు బల్ల మీదే ఉన్నాయి. 1957 జనవరిలో కశ్మీర్ మీద భారత ప్రతినిధి వి.కె.కృష్ణమీనన్ రెండు రోజుల్లో దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడింది ఈ మండలిలోనే. 1992 జనవరి 31న దేశాధినేతల స్థాయిలో మండలి మొదటిసారి సమావేశమైనప్పుడు భారత ప్రధానిగా వచ్చి కూర్చున్నది మన పి.వి.నరసింహారావు గారు. వంగర నుంచి ఆ బల్ల దాకా వచ్చిన మనిషి. మనవడికి ఈ మాట చెవిలో చెప్పాను. "ఏ కుర్చీ అమ్మమ్మా?" అని అడిగాడు. సభ్యదేశాల స్థానాలు మారుతుంటాయని చెప్పాను.

అక్బరుద్దీన్ కాలంలో భారత్ ఈ మండలిలో సభ్యదేశం కాదు. ఇది గుర్తుంచుకోవాలి. బల్ల దగ్గర కుర్చీ లేకుండానే ఆయన ఈ గదితో పని చేయించాల్సి వచ్చింది. జైషే మహమ్మద్ అధినేత మసూద్ అజహర్‌ను ఐరాస ఉగ్రవాదుల జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదనను చైనా ఏళ్ల తరబడి ఆపుతూ వచ్చింది. 2019 మే 1న ఆ అడ్డు తొలగి, పేరు జాబితాలో చేరింది. అదే ఏడాది ఆగస్టు 16న కశ్మీర్ మీద మండలి తలుపులు మూసుకుని సంప్రదింపులు జరిపింది. బయట విలేకరుల ముందుకు చైనా, పాకిస్తాన్ ప్రతినిధులు వచ్చి మాట్లాడి, ప్రశ్నలు తీసుకోకుండా వెళ్లిపోయారు. తర్వాత అక్బరుద్దీన్ వచ్చి ప్రశ్నలు తీసుకున్నారు. పాకిస్తాన్‌తో చర్చలు ఎప్పుడని ఒక పాకిస్తానీ విలేకరి నిలదీస్తే, మైకు వదిలి ముందుకు నడిచి, అక్కడున్న ముగ్గురు పాకిస్తానీ విలేకరులతో కరచాలనం చేసి వచ్చారు. ఆ దృశ్యం చూసినప్పుడు నాకు జర్నలిజం చెప్పిన తండ్రి గుర్తొచ్చారు. విలేకరిని ఎలా గౌరవించాలో ఇంట్లో నేర్చుకున్న మనిషి అనిపించింది. ఆ విలేకరుల స్థలం మాకు టూర్‌లో చూపించలేదు. మండలి గదికి బయటే ఉంటుంది, ప్రతినిధులు తిరిగే చోటు.

ఈ గదిలో కూర్చుంటే తెలంగాణవారికి ఇంకో విషయం గుర్తు రావాలి. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 13న సైనిక చర్య మొదలైంది. 16న మండలి ఈ విషయం మీద సమావేశమైంది, 17న నిజాం లొంగిపోయాడు, 22న ఫిర్యాదు ఉపసంహరించుకున్నట్టు తెలియజేశాడు. అప్పటికి ఈ భవనం ఇంకా కట్టలేదు, ఆ సమావేశం జరిగింది పారిస్‌లో. భారత్ తరఫున వాదించినవారు ఆర్కాట్ రామస్వామి ముదలియార్. విచిత్రం ఏమిటంటే నిజాం వెనక్కి తీసుకున్నా ఆ అంశం మండలి ముందున్న విషయాల జాబితాలో దశాబ్దాల పాటు ఉండిపోయింది. మా గైడుకు ఈ సంగతి చెబితే ఆసక్తిగా విని, ఫోనులో రాసుకున్నాడు. క్లాసులో సెప్టెంబర్ 17 గురించి చెప్పేటప్పుడు మనం పోలీసు చర్య దగ్గరే ఆగిపోతాం. ఆ నాలుగైదు రోజులూ పారిస్‌లో మన ప్రతినిధులు గడియారం చూసుకుంటూ పనిచేసిన సంగతి పిల్లలకు చెప్పం. చెప్పాలి.

ధర్మకర్తృత్వ మండలి గది, ఆర్థిక సామాజిక మండలి గది త్వరగా దాటేస్తారు. మొదటిది డెన్మార్క్, రెండోది స్వీడన్ అలంకరించి ఇచ్చాయి. రెండోదాని పైకప్పులో కొంత భాగం పైపులు కనిపించేలా కావాలనే వదిలేశారు, సమితి పని ఎప్పటికీ పూర్తి కాదని గుర్తుచేయడానికట. మధ్యలో నాగసాకి శిథిలాల్లో దొరికిన సెయింట్ ఆగ్నెస్ విగ్రహం ఉంది. ముందు నుంచి చూసి వచ్చేయకండి, వెనక్కి వెళ్లి చూడండి, బాంబు వేడికి మాడిన వీపు కనిపిస్తుంది. శాంతిపరిరక్షక దళాల విభాగం దగ్గర మావాడికి ఒక విషయం చెప్పాను. 2007లో లైబీరియాకు వెళ్లిన పూర్తి మహిళా పోలీసు దళం మన సీఆర్‌పీఎఫ్‌ది, ఐరాస చరిత్రలో అలాంటిది అదే మొదటిది. గైడు తల ఊపి, తన బృందానికంతా మళ్లీ చెప్పాడు.

చివరికి సర్వప్రతినిధి సభ హాలు. ఇక్కడికి వచ్చేసరికి నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. ఆకుపచ్చ పాలరాయి వేదిక, పైన బంగారు రంగు చిహ్నం, 193 దేశాల పేరు పలకలు, ఒక్కో దేశానికి ఆరు కుర్చీలు. ఏ దేశం ముందు కూర్చోవాలో ఏటా చీటీ తీసి నిర్ణయిస్తారు, అక్కడి నుంచి అక్షరక్రమం. 1953లో ఈ సభకు తొలి మహిళా అధ్యక్షురాలైంది విజయలక్ష్మీ పండిట్. గైడు ఆ పేరు తనంతట తానే చెప్పాడు.

నేను మాత్రం 2017 నవంబర్ గురించి ఆలోచిస్తున్నాను. అంతర్జాతీయ న్యాయస్థానంలో ఐదు స్థానాలకు ఎన్నిక. గెలవాలంటే ఈ హాల్లో 97 ఓట్లు, భద్రతామండలిలో 8 ఓట్లు రెండూ రావాలి. రెండు చోట్లా ఒకేసారి, ఎవరికి వారు, రహస్యంగా ఓటేస్తారు. ఈ ఎన్నికలో వీటో చెల్లదు. నవంబర్ 9న నాలుగు స్థానాలు తేలిపోయాయి. ఐదోదానికి మిగిలింది ఇద్దరు: మన జస్టిస్ దల్వీర్ భండారీ, బ్రిటన్‌కు చెందిన క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్. సభలో భండారీకి ఆధిక్యం, మండలిలో గ్రీన్‌వుడ్‌కు ఆధిక్యం. నవంబర్ 13న సభలో 121-68, మండలిలో 5-9. మళ్లీ ఓటు, మళ్లీ అదే ఫలితం. పదకొండు విడతలు ఇలాగే నడిచింది.

ఆ రోజుల్లో మన మిషన్ ఏం చేసి ఉంటుందో ఊహించండి. మన ఊళ్లో ఎంపీటీసీ ఎన్నికల్లో ఇల్లిల్లూ తిరిగి, కోపంగా ఉన్నవాడి ఇంటికి రెండోసారి వెళ్లి, నిన్న మాట ఇచ్చినవాడు ఇవాళ మారాడేమో కనుక్కుని వచ్చే కార్యకర్తల పని అది. ఇక్కడ ఇల్లు అంటే ఒక దేశం. లక్ష జనాభా కూడా లేని చిన్న ద్వీప దేశం ఓటు, చైనా ఓటు ఈ హాల్లో సమానం. ఎప్పుడో ఒక వైద్య బృందాన్ని పంపిన దేశం, మన విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఒక ప్రతినిధి, పాత పోస్టింగులో కలిసి పనిచేసిన ఒక స్నేహితుడు, అన్నీ అక్కడ అక్కరకొస్తాయి. ముప్ఫై ఏళ్ల పోస్టింగులు దౌత్యవేత్తకు ఇచ్చే ఆస్తి అదే. నవంబర్ 20న పన్నెండో విడతకు ముందు బ్రిటన్ తన అభ్యర్థిని ఉపసంహరించుకుంది. భండారీకి సభలో 183, మండలిలో 15కు 15 వచ్చాయి. 1946లో ఆ న్యాయస్థానం మొదలైన నాటి నుంచి బ్రిటన్ న్యాయమూర్తి లేకపోవడం అదే తొలిసారి. మన మిషన్‌ను ముందుండి నడిపించింది మన హైదరాబాద్ మనిషి. ఈ సంగతి మా అమ్మాయికి కూడా అప్పటిదాకా తెలియదు. ఆ వేదిక ముందు నిలబడి చెప్పినప్పుడు పిల్లలిద్దరూ విన్న తీరు వేరు. ఈ టూర్ విలువ నాకు అక్కడ తెలిసింది.

ఇదే భవన సముదాయం పైకప్పు మీద గాంధీ సౌర పార్కు ఉంది. 2019 సెప్టెంబర్‌లో భారత్ ఇచ్చిన కానుక. సభ్యదేశానికి ఒకటి చొప్పున 193 సౌర ఫలకాలు, 50 కిలోవాట్లు. అదీ అక్బరుద్దీన్ ఉన్నప్పటిదే. పైకి తీసుకెళ్లరు, కానీ తల మీద ఉందని తెలియడం బాగుంటుంది.

టూర్ అయ్యాక కింది అంతస్తులో దుకాణం, ఫలహారశాల, తపాలా కార్యాలయం ఉన్నాయి. శాకాహారులకు ఫలహారశాలలో పెద్దగా ఎంచుకునేది కనిపించలేదు. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుని బయట ఎక్కడైనా తినడం మేలు. దుకాణం ఖరీదైనదే. తపాలా కార్యాలయం మాత్రం వదలకండి. ఐరాస తన సొంత స్టాంపులు వేస్తుంది, ఇక్కడ కొన్నవి ఇక్కడే పోస్టు చేస్తేనే చెల్లుతాయి. నేను మా కళాశాల గ్రంథాలయానికి ఒక కార్డు, నా దగ్గర చదువుకుని ఇప్పుడు సివిల్స్‌కు తయారవుతున్న ఒక అమ్మాయికి ఒక కార్డు పంపాను.

ఆ రెండో కార్డు రాస్తుంటే మా అమ్మాయి అడిగింది, ఈ సర్వీసులో ఆడవాళ్ల పరిస్థితి ఏమిటని. 1949లో చేరిన తొలి మహిళ సి.బి.ముత్తమ్మ గురించి చెప్పాను. పెళ్లికి ప్రభుత్వ అనుమతి కావాలన్న నిబంధన ఆడ అధికారులకే ఉండేది. పదోన్నతి దక్కకపోతే ఆవిడ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను గట్టిగా తప్పుపట్టారు. ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధిగా ఒక మహిళ, రుచిరా కాంబోజ్, రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. తెలుగు ఆడపిల్లలు ఐఏఎస్ తర్వాతి ఐచ్ఛికంగా కాకుండా ఐఎఫ్ఎస్‌ను మొదటి ఐచ్ఛికంగా పెట్టుకునే రోజు రావాలని నాకు గట్టిగా ఉంది. మా కళాశాలల్లో చదివిన పిల్లలకు ఆ ఉద్యోగం ఒకటుందని చెప్పేవాళ్లే తక్కువ. అక్బరుద్దీన్ రిటైరయ్యాక హైదరాబాద్‌లోనే కౌటిల్య పబ్లిక్ పాలసీ కళాశాలకు డీన్‌గా రావడం అందుకే నాకు సంతోషం కలిగించింది.

బయటికి వచ్చాక వెంటనే రైలెక్కేయకండి. నలభై మూడో వీధిలో కాస్త పడమరకు నడిస్తే భారత శాశ్వత మిషన్ భవనం వస్తుంది. సన్నగా, ఎర్రగా, ఆకాశంలోకి లేచిన భవనం, పైన పెద్ద ఖాళీ వసారా. దాని రూపశిల్పి ఛార్లెస్ కొరియా పుట్టింది సికింద్రాబాద్‌లో. లోపలికి వెళ్లే పని ఉండదు, ఎదుటి కాలిబాట మీద నిలబడి చూడొచ్చు, టికెట్టు అక్కర్లేదు.

ఎవరు వెళ్లక్కర్లేదు అంటే, ఎక్కువసేపు నడవలేనివారు, న్యూయార్క్‌కు ఒక్క పూట మాత్రమే కేటాయించినవారు. మిగతా అందరికీ, ముఖ్యంగా ఎనిమిదో తరగతి పైబడిన పిల్లలున్నవారికి, ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ మిగిలిన అర, గంట చాలకపోవడం వల్ల. భద్రతామండలి గది చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే, ఆ రోజు సమావేశాలున్నాయో లేదో ఐరాస వెబ్‌సైటులో చూసుకుని తేదీ ఎంచుకోండి.